పక్కింటి వైఫైకి తాళం లేదు, వాడుకోవచ్చా?

ప్రశ్న ఇదీ: తిరుపతి భైరాగిపట్టెడలో అద్దె గది. ముగ్గురు కుర్రాళ్ళు పోటీ పరీక్షలకు చదువుకుంటున్నారు. పై అంతస్తు నుంచో పక్క మేడ నుంచో పాస్‌వర్డ్ లేని వైఫై ఒకటి తగులుతోంది. మూడు నెలలుగా క్లాసులన్నీ దాని మీదే. ఇది తప్పా, ప్రమాదమా, ఎవరైనా పట్టుకుంటారా అని అడిగారు.

తమ్ముళ్ళూ, ఈ మూడింటికీ ఒకటే జవాబు లేదు. యూట్యూబ్‌లో క్లాసు చూసినందుకు పోలీసులు వచ్చి మీ గది తలుపు కొట్టరు, ఆ భయం పక్కన పెట్టండి. ప్రమాదం ఉంది, కానీ మీరు అనుకుంటున్న చోట లేదు. తప్పా అంటే తప్పే. ఎందుకో తెలియాలంటే ఆ వైఫై డబ్బా లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

తాళం లేని పేరు కనపడగానే ఎవరో దానంగా వదిలిన నెట్ అనుకోవద్దు. ఫైబర్ బిగించే కుర్రాడు పెట్టిపోయే బాక్సుకు ఈ రోజుల్లో పాస్‌వర్డ్ ఉండనే ఉంటుంది, బాక్సు అడుగున స్టిక్కరు మీద అచ్చేసి ఉంటుంది. కాబట్టి అసలు బాక్సు కంటే ముందు అనుమానించాల్సింది ఎక్స్‌టెండర్‌ను. లోపలి గదిలో సిగ్నల్ రావడం లేదని గోడ ప్లగ్గుకు గుచ్చే డబ్బా ఒకటి కొంటారు. సెటప్ అయ్యేదాకా అది తన సొంత పేరుతో, పాస్‌వర్డ్ లేకుండా ఒక నెట్‌వర్క్ వదులుతూ ఉంటుంది. సెటప్ సగంలో ఆపేస్తే చవక రకం డబ్బాల్లో ఆ పేరు అట్లనే ఉండిపోయి, వెనకున్న ఇంటి నెట్ మొత్తాన్ని వీధిలోకి పోస్తుంది. ఇంటివాళ్ళ ఫోన్లన్నీ అసలు రౌటర్ పేరుకే తగులుకుని ఉంటాయి కాబట్టి వాళ్ళకు ఈ సంగతే తెలియదు. మూలన పడి ఉన్న పాత రౌటర్‌ను తెచ్చి మేడ మీద తగిలించినా ఇదే గొడవ, రీసెట్ కొట్టాక కొన్ని పాత మోడళ్ళు పాస్‌వర్డ్ లేకుండానే లేస్తాయి. ఇంట్లో ముసలివాళ్ళకు పాస్‌వర్డ్ కొట్టడం రాదని కావాలనే తీసేసేవాళ్ళూ ఉంటారు. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ మిమ్మల్ని వాడుకోమని పిలవడం కాదు.

తెరిచి కనిపించే ప్రతి పేరులోనూ ఇంటర్నెట్ ఉండదు కూడా. ‘డైరెక్ట్’ అని మొదలయ్యేది ప్రింటరో టీవీయో అయి ఉంటుంది. సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు కూడా సెటప్ కోసం తాత్కాలికంగా ఒక పేరు వదులుతాయి. వాటిలోకి పోతే నెట్ రాదు సరికదా, ఎవరి ఇంట్లోని కెమెరాలోకో తొంగి చూసినట్టు అవుతుంది.

‘వాళ్ళది అన్‌లిమిటెడ్ ప్లానే కదా, మేం వాడితే వాళ్ళకేం తరిగింది’ అనేది అందరూ చెప్పే మాటే. ఇంటి ఫైబర్ ప్లాన్లలో ఆ అన్‌లిమిటెడ్‌కు కూడా ఒక హద్దు ఉంటుంది, చాలా వాటిలో నెలకు 3300 జీబీ. మామూలు ఇల్లు దాన్ని దాటడం కష్టం, అది ఒప్పుకుంటాను. చిన్న ప్లాన్లలో ఆ హద్దు ఇంకా కిందికి ఉంటుంది, దాటితే స్పీడు నత్తనడకకు పడిపోతుంది. అయితే అసలు నష్టం డేటాలో కాదు, టైములో.

మామూలు రౌటర్ ఒక చానెల్‌లో ఒకసారికి ఒక్కరితోనే మాట్లాడుతుంది. ఒకరితో మాట్లాడుతున్నంత సేపు మిగతా అందరూ వరుసలో నిలబడాల్సిందే. డేటా చిన్న చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా పోతుంది. 1500 బైట్ల ప్యాకెట్ ఒకటి తీసుకోండి, అంటే 12,000 బిట్లు. రౌటర్ ఉన్న గదిలోనే ఉన్న ఫోన్ 72 ఎంబీపీఎస్ లింకు మీద ఉంటే ఆ ప్యాకెట్‌కు పట్టేది దాదాపు 0.17 మిల్లీసెకన్లు. రెండు గోడలూ ఒక స్లాబూ దాటి మీ గదికి వచ్చేసరికి సిగ్నల్ మైనస్ 80 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే అంకె, సున్నాకు దూరమయ్యేకొద్దీ బలహీనం) దగ్గరికి పడిపోతుంది, లింకు 6.5 ఎంబీపీఎస్‌కు దిగుతుంది. అప్పుడు అదే ప్యాకెట్‌కు దాదాపు 1.85 మిల్లీసెకన్లు. పదకొండు రెట్లు. సిగ్నల్ చివరి అంచులో ఉన్నప్పుడు ప్యాకెట్లు పాడై మళ్ళీ మళ్ళీ పంపాల్సి వస్తుంది, ఆ టైము దీనికి అదనం. మీరు ఒక జీబీ క్లాసు చూస్తే, ఇంటివాళ్ళు పదకొండు జీబీ దించుకునే టైమును తినేశారన్నమాట. అదీ ముగ్గురు, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా, సరిగ్గా పైన వాళ్ళు (ఆ వైఫై పై అంతస్తువాళ్ళదే అనుకుందాం) టీవీ పెట్టుకునే వేళ. వాళ్ళ టీవీలో చక్రం తిరుగుతా ఉంటుంది. కంపెనీకి ఫోన్ చేస్తారు. కుర్రాడు వచ్చి మీటరు పెట్టి చూసి ‘లైను బాగానే ఉంది సార్’ అని పోతాడు. వాళ్ళు ఇంకొంచెం పెద్ద ప్లాన్‌కు మారి నెలనెలా ఎక్కువ కడతారు, అప్పటికీ చక్రం ఆగదు. కొత్త తరం వైఫై 6 రౌటర్లలో ఈ బాధ కొంచెం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

దారిన పోతూ పక్కింటి కొళాయి దగ్గర దోసిలి పట్టి తాగితే ఎవరూ ఏమీ అనరు. దానికి పైపు తగిలించి మూడు నెలలు మన సంపు నింపుకుంటే అది వేరే లెక్క, మోటారు కరెంటు బిల్లు వాళ్ళకు వస్తుంది. ఊరు కాని ఊర్లో ఫోన్ డేటా అయిపోయి ఒక్కసారి ఆటో బుక్ చేసుకోవడానికి తాకినవాడినీ, రోజూ నాలుగు గంటలు వాడేవాళ్ళనూ నేను ఒక గాటన కట్టను. చట్టం మాత్రం దోసిలికీ పైపుకూ మధ్య గీత గీయలేదు.

2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ చెప్పేది, యజమాని గానీ దాని బాధ్యత చూసే మనిషి గానీ అనుమతించకుండా కంప్యూటర్‌లోకో కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకో ప్రవేశిస్తే నష్టపరిహారం కట్టాలని. అక్కడ అడిగేది అనుమతి ఉందా లేదా అనే. పాస్‌వర్డ్ పగలగొట్టి ఉండాలని రాయలేదు. 5 కోట్ల రూపాయల లోపు పరిహారం అడిగే ఫిర్యాదులను రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి విచారిస్తారు. అదే పనిని అక్రమ లాభం కోసమో మోసపు ఉద్దేశంతోనో చేస్తే 66వ సెక్షన్ కిందికి వస్తుంది: మూడేళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైలో చేరే సదుపాయం) పిన్ కనిపెడతామనే యాప్‌లతో తాళం ఉన్న వైఫైలోకి దూరడం, ఇంకొకరి పాస్‌వర్డ్ దొంగచాటుగా వాడటం అయితే అది పూర్తిగా వేరే మెట్టు. మోసంతో ఇంకొకరి పాస్‌వర్డ్ వాడటానికి 66సీ అని ప్రత్యేకంగా సెక్షనే ఉంది, మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ‘సరదాకి చూశాం’ అనే మాట అక్కడ అసలు నిలబడదు.

ఇంత ఉన్నా క్లాసు చూసినందుకు కేసు పెట్టే ఇంటివాళ్ళు అరుదు. సమస్య ఎప్పుడు వస్తుందంటే, ఆ నెట్ మీద ఇంకెవరో ఇంకేదో చేసినప్పుడు. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు అందిన ఈమెయిల్ నవీ ముంబైలోని ఒక ఫ్లాట్ వైఫై నుంచి వెళ్ళినట్టు తేలింది. ఆ ఫ్లాట్‌లో ఉన్న విదేశీయుడికి పేలుళ్ళతో సంబంధం లేదు, ఆయన వైఫైకి తాళం లేదు, అంతే. కంప్యూటర్లు పట్టుకుపోయారు, ఆయన్ను పలుమార్లు విచారించారు. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ పేలుళ్ళ మెయిల్ కూడా ముంబై చెంబూరులో ఒక కంపెనీ వైఫై మీదుగానే పోయింది. ఆ తర్వాత 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకు వైఫై భద్రత మీద ఆదేశాలిచ్చింది. తిరుపతి రైల్వే స్టేషన్లో వైఫై వాడాలంటే ఫోన్ నంబరు, ఓటీపీ అడిగేది ఊరికే కాదు, ఎవరు వాడారో రేపు చెప్పగలగాలి కాబట్టి.

ఇంటి వైఫైలో ఆ ‘ఎవరు’ అనేది ఎక్కడ తెగిపోతుందో చూడండి. బయటి సైట్లకు మీ ముగ్గురి ఫోన్లూ, పైన వాళ్ళ టీవీ, అన్నీ ఒకే ఐపీ అడ్రస్‌గా, అంటే నెట్‌లో ఆ కనెక్షన్‌కున్న ఒకే నంబరుగా కనిపిస్తాయి. కొన్ని కంపెనీలు ఒకే ఐపీని వందల ఇళ్ళకు పంచుతాయి. అయినా ఏ నిమిషంలో ఆ ఐపీలో ఏ పోర్టు (ఒకే ఐపీని పంచుకునేవాళ్ళను విడదీసే ఉపనంబరు) ఏ కస్టమర్‌కు ఇచ్చారో వాళ్ళ దగ్గర రికార్డు ఉంటుంది, దాన్ని కనీసం రెండేళ్ళు దాచాలనేది 2021 డిసెంబరు నుంచి లైసెన్సు షరతు. పోలీసులు అడిగితే ఆ రికార్డు బిల్లు కట్టే మనిషి పేరు చెబుతుంది. ఆ ఇంటి గుమ్మం దాకా తీసుకొచ్చి అక్కడ ఆగిపోతుంది. గుమ్మం లోపల ఎవరు వాడారనేది చెప్పగలిగేది రౌటర్ ఒక్కటే. ఇంటి రౌటర్లు ఆ జాబితాను చాలావరకు ఒక రోజుకు మించి గుర్తుపెట్టుకోవు, కరెంటు పోతే అదీ పోతుంది. పైగా ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్ తన అసలు మ్యాక్ అడ్రస్ (పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) చెప్పదు, నెట్‌వర్క్‌కొక తయారుచేసిన అడ్రస్ చెబుతుంది. మీకిది బాగానే ఉన్నట్టు అనిపించవచ్చు. పైన పెద్దాయనకు మాత్రం తాను కాదని చూపించుకునే ఆధారమే మిగలదు. మీరు ముగ్గురూ బుద్ధిమంతులే కావచ్చు. మీ గదికి వచ్చిపోయే స్నేహితులు, వీధి మలుపులో బైకు ఆపుకుని అదే నెట్ పట్టుకున్న ముక్కూమొహం తెలియనివాడు, వాళ్ళ సంగతి? ఆ వైఫై తెరిచి ఉందని తెలిసి మూడు నెలలు చెప్పకుండా ఊరుకోవడం నా దృష్టిలో మీ వాడకం కన్నా పెద్ద తప్పు.

ఇప్పుడు మీ వైపు ప్రమాదం. ‘తెరిచిన వైఫైలో ఫోన్‌పే వాడితే గాల్లోంచి డబ్బు లాగేస్తారు’ అని వాట్సాప్‌లో తిరిగే మాట చాలావరకు అతి. బ్యాంకు, యూపీఐ యాప్‌లు తమ సొంత ఎన్‌క్రిప్షన్‌తోనే, అంటే మధ్యలోవాళ్ళు చదవలేని రహస్య లిపిలోనే సర్వర్‌తో మాట్లాడతాయి. వాట్సాప్ మెసేజీలు రౌటర్ ఓనరుకు కనపడవు. అలాంటి ఎన్‌క్రిప్షన్ ఉన్న హెచ్‌టీటీపీఎస్ సైట్లలో మీరు ఏం చదివారో, ఏం టైపు చేశారో కనపడదు. కనపడేవి వేరే: మీరు ఏ సైట్ల పేర్లు అడిగారు, ఎంత సేపు, ఎంత డేటా, మీ ఫోన్ పేరేమిటి. ఫోన్‌కు మీ పేరే పెట్టుకుని ఉంటే, రౌటర్ పేజీలో ఆ పేరు అట్లనే ఉంటుంది. అంటే ఇంటాయన కాస్త తెలిసినవాడైతే మీరు ఎవరో ఆయనకు ఇప్పటికే తెలిసి ఉండవచ్చు.

తాళం లేని వైఫైలో ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య గాలిలో పోయే మాటకు ముసుగే లేదు. కాబట్టి ఆ సైట్ల పేర్లు ఓనరే కాదు, దగ్గర్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న మూడో మనిషి నెట్‌వర్క్‌లో చేరకుండానే వినగలడు. ఎన్‌క్రిప్షన్ లేని పాత హెచ్‌టీటీపీ సైటు ఏదైనా ఉంటే అందులో టైపు చేసినవన్నీ విప్పి పెట్టినట్టే.

ఇంతకన్నా నన్ను భయపెట్టేది డీఎన్ఎస్. సైటు పేరు కొడితే దాని అడ్రస్ వెతికి ఇచ్చేది అది, ఆ పనిని మీ ఫోన్ మామూలుగా రౌటర్‌కే అప్పగిస్తుంది. రౌటర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు మిమ్మల్ని ఎక్కడికైనా పంపగలరు. తిరుపతిలో దీనికి సరిపోయే సందర్భం నెలనెలా వస్తుంది: 300 రూపాయల ప్రత్యేక దర్శనం టికెట్లు వదిలే పొద్దున. అందరూ ఆత్రంగా ఉంటారు, సైటు మెల్లగా ఉంటుంది, తెర మీద ఏది వస్తే అది నొక్కేస్తారు. నకిలీ సైట్ల మీద టీటీడీ పలుమార్లు పోలీసులకు ఫిర్యాదు చేసింది. అవి వైఫై వల్ల పుట్టినవి కావు, కానీ చెడ్డ డీఎన్ఎస్ అదే పని సరైన పేరు కొట్టినా చేయగలదు. అసలు సైటు పేరు చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. పేరు సరిగ్గానే ఉండి బ్రౌజర్ ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని ఎర్రగా అడ్డం పడితే, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే ‘అయినా ముందుకు పోండి’ని నొక్కకండి. ఆ హెచ్చరికే మీకున్న చివరి గోడ. సిమ్ డేటాకు మారి మళ్ళీ తెరవండి, హెచ్చరిక పోతే తేడా ఆ వైఫైలోనే ఉంది.

అసలు ఆ నెట్‌వర్క్ మీరనుకుంటున్న పొరుగువాళ్ళదే కాకపోవచ్చు. వైఫై పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు, రెండు డబ్బాలు ఒకే పేరు చెబితే ఫోన్ సాధారణంగా సిగ్నల్ బలంగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. లాడ్జీలు ఎక్కువున్న వీధుల్లో ‘ఫ్రీ వైఫై’, ‘గెస్ట్’ లాంటి పేర్లు సేవ్ చేసుకుని ఉన్న ఫోన్, అదే పేరుతో ఎక్కడ ఏ వల వేసి ఉన్నా మిమ్మల్ని అడగకుండానే పోయి తగులుకుంటుంది. ఉచిత వీపీఎన్ (మన నెట్ వాడకాన్ని ముసుగేసి తన సర్వర్ మీదుగా పంపే యాప్) వేసుకుంటే సరిపోదా అంటే, పొరుగింటి రౌటర్ మీద పెట్టిన నమ్మకాన్ని తీసి ఎవరో తెలియని కంపెనీ మీద పెట్టడమే అది. ఇంటివాళ్ళ టైము తినడం అట్లనే ఉంటుంది.

ఇక చేయాల్సింది. వాళ్ళ రౌటర్ పేజీ తెరిచి ‘అడ్మిన్, అడ్మిన్’ కొట్టి మేమే పాస్‌వర్డ్ పెట్టేస్తాం, మంచి పనే కదా అనుకునే తెలివిగల కుర్రాళ్ళు ఉంటారు. ఆ పని చేయొద్దు. ఇంతవరకు వాడుకోవడం ఒక ఎత్తు, సెట్టింగులు ముట్టడం ఇంకో ఎత్తు, అక్కడ మీ మంచి ఉద్దేశాన్ని రుజువు చేయడం కష్టం. ఎవరిదో కనుక్కోవడానికి దాంట్లో చేరాల్సిన పనే లేదు. సిగ్నల్‌ను డీబీఎంలో చూపించే వైఫై ఎనలైజర్ యాప్ ఒకటి వేసుకుని మెట్ల మీద నడవండి. మైనస్ 80 నుంచి మైనస్ 65కి వస్తే ఒక గోడ దూరం, మైనస్ 50 వచ్చిందంటే ఆ తలుపు వెనకే. ఒక చోట రెండు మూడు సెకన్లు ఆగి చూడండి, అంకె వెంటనే మారదు.

ఆ తలుపు తట్టి చెప్పేది సులువు. ‘ఆంటీ, కింద గదిలో ఉంటాం. మీ వైఫైకి పాస్‌వర్డ్ లేదు, వీధి దాకా అందరికీ వస్తా ఉంది. మేం కూడా మూడు నెలలుగా వాడినాం, తెలియక కాదు, తప్పే. లాక్ పెట్టుకోండి, కావాలంటే మేం పక్కనుండి చెప్తాం.’ వాడిన సంగతి దాచకండి. రేపు రౌటర్‌లో మీ ఫోన్ పేరు కనపడ్డప్పుడు చెప్పడం కన్నా ఇప్పుడు చెప్పడం సులువు. బిల్లు కట్టే పెద్దవాళ్ళకే చెప్పండి. వాళ్ళ పిల్లాడు ‘వాడుకోండన్నా’ అంటే అది అనుమతి కాదు.

వాళ్ళు సరే అంటే, బాక్సు దగ్గర వాళ్ళు కూర్చోవాలి, మీరు పక్కన నిలబడి చెప్పాలి. మొదటి జాగ్రత్త: ఫైబర్ బాక్సు వెనక సూది గుచ్చే రీసెట్ రంధ్రాన్ని ముట్టొద్దు. అది నొక్కితే వైఫై పేరుతో పాటు కంపెనీ వాళ్ళు ఎక్కించిన లాగిన్, వీల్యాన్ అంకెలు (లైనుకు కంపెనీ పెట్టే సెట్టింగు) కూడా చెరిగిపోవచ్చు. లైను బాగానే ఉన్నట్టు లైట్లు వెలుగుతాయి, నెట్ మాత్రం రాదు, కుర్రాడు వచ్చేదాకా ఆ ఇల్లంతా మిమ్మల్ని తిట్టుకుంటుంది.

వాళ్ళ ఫోన్ బ్రౌజర్లో రౌటర్ అడ్రస్ కొట్టాలి. చాలా బాక్సులకు 192.168.1.1, జియో వాళ్ళ దానికి 192.168.29.1. అది కాకపోతే ఫోన్ వైఫై వివరాల్లో గేట్‌వే అనే చోట ఉన్నదే అడ్రస్. లోపలికి పోయాక ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ (రౌటర్ సెట్టింగులు తెరిచేది) మార్చాలి, వైఫై పాస్‌వర్డ్ ఆ తర్వాత. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని మొదటిదాన్ని ‘అడ్మిన్’గానే వదిలేస్తారు. సెక్యూరిటీ, అంటే తాళం రకం దగ్గర డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపినది ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. డబ్ల్యూపీఏ3 ఒక్కదాన్నే పెడితే పాత టీవీ, సీసీ కెమెరా తగులుకోవు. డబ్ల్యూఈపీ అనే పాత రకం కనిపిస్తే దాని జోలికి పోవద్దు, అది 2001లోనే పగిలిపోయింది. రౌటర్ వదిలే రెండు బ్యాండ్లు, 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటికీ విడివిడిగా పెట్టాలి. ఒకదానికి పెట్టి రెండోదాన్ని మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండవచ్చు. పొడవే బలం. ఫోన్ నంబరు, ‘గోవిందా123’, ‘బాలాజీ@123’ లాంటివి ఈ ఊర్లో ఎవడైనా మొదట కొట్టి చూసేవే. ఒకదానికొకటి పొంతన లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే, ఉదాహరణకు గొడుగు, పెసరట్టు, తాబేలు, నిచ్చెన లాంటివి కలిపితే, పెద్దవాళ్ళకు గుర్తుంటుంది, బయటివాడికి ఊహకందదు. ఇవే నాలుగు పెట్టకండి మరి. డబ్ల్యూపీఎస్ ఆపేయాలి. దాని పిన్ చూడటానికి 8 అంకెలే, కానీ రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్క ప్రకారం వచ్చేదే, కాబట్టి 10,000కు 1,000 కలిపి 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది.

పాస్‌వర్డ్ పెట్టిన మరుక్షణం ఇంట్లో అన్నీ తెగిపోతాయి. టీవీ, కెమెరా, స్మార్ట్ ప్లగ్గు, తాతగారి ఫోన్. ఏమేం ఉన్నాయో ముందే ఒక కాగితం మీద రాసుకుంటే మేలు. పేరు పాతదే ఉంచితే కొన్ని ఫోన్లు దాన్ని తాళం లేనిదిగానే గుర్తుంచుకుని చేరవు. వాటిలో పాత పేరును ఫర్గెట్ చేసి మళ్ళీ చేర్చాలి. పేరు కూడా మార్చేస్తే ఈ అయోమయం ఉండదు.

వాళ్ళే ‘పర్లేదు నాయనా, మీరూ వాడుకోండి’ అంటే అదే రౌటర్‌లో బయటివాళ్ళ కోసం విడిగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి తెరిపించండి. అందులో ఇంటి లోపలి పరికరాలకు దారి మూసి ఉంచాలి, అప్పుడు మీరు వాళ్ళ టీవీనీ కెమెరానూ చూడలేరు, అది మీకూ మంచిదే. స్పీడు హద్దు పెట్టే వీలుంటే ముగ్గురికీ కలిపి 10 ఎంబీపీఎస్ చాలు, మామూలు క్లాసు వీడియోకు మనిషికి 2, 3 ఎంబీపీఎస్ మించదు. డబ్బు ఇస్తామని అడగడం మర్యాదే, కానీ చాలా కంపెనీల ఒప్పందాల్లో ఇంటి కనెక్షన్‌ను బయటివాళ్ళకు అమ్మకూడదని ఉంటుంది, కాబట్టి దీన్ని నెలవారీ అద్దె బేరంగా మార్చకండి.

అన్నిటికన్నా శుభ్రమైన దారి సొంత కనెక్షన్. 30 ఎంబీపీఎస్ ప్లాన్ 399 రూపాయలు అనుకోండి, 18 శాతం జీఎస్టీతో 471 అవుతుంది, ముగ్గురికి తలా 157. ఎవరి పేరు మీద తీసుకుంటే ఐపీ బాధ్యత వాళ్ళదేనని మీలో మీరు ముందే మాట్లాడుకోండి. గది మారే ఆలోచన ఉంటే ఏడాది ప్లాన్ జోలికి పోవద్దు. హాస్టలు నడిపే ఓనరో, వీధి చివర టీ కొట్టాయనో నెట్ అమ్మాలనుకుంటే పీఎం వాణి అనే పద్ధతి ఉంది, 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్నది. అందులో చిన్న కొట్టువాడు లైసెన్సు లేకుండానే వైఫై అమ్మవచ్చు, వాడేవాళ్ళ వివరాల బాధ్యతను యాప్ నడిపేవాళ్ళు చూసుకుంటారు. మీ ఓనరు చెవిన వేయదగ్గ మాటే.

మీ ఫోన్లలో కొంచెం శుభ్రం చేసుకోవాల్సి ఉంది. వైఫై సెట్టింగుల్లో ఆ పేరును ఫర్గెట్ కొట్టండి. ‘ఫ్రీ’, ‘గెస్ట్’ అని సేవ్ అయినవన్నీ తీసేయండి. తెరిచిన నెట్‌వర్క్‌లకు తానే చేరే ఆప్షన్ ఆపండి. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది, అందులో డీఎన్ఎస్ డాట్ గూగుల్ అని పెట్టుకుంటే రౌటర్ తన ఇష్టం వచ్చిన అడ్రస్ ఇవ్వడానికి వీలుండదు. అయితే రైల్వే స్టేషన్ లాంటి చోట లాగిన్ పేజీ తెరుచుకోకపోతే దీన్ని కాసేపు ఆటోమేటిక్‌కు మార్చాలి. సెక్యూరిటీలో ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్ కింద యూజర్ అనే భాగం ఖాళీగా ఉండాలి. ఈ మూడు నెలల్లో ఏదో పేజీ అడిగిందని సర్టిఫికెట్ (ఏ సైటును అసలుదిగా నమ్మాలో ఫోన్‌కు చెప్పే ఫైలు) వేసుకుని ఉంటే అక్కడ కనిపిస్తుంది, తీసేయండి, ఆ తర్వాత ముఖ్యమైన పాస్‌వర్డులు సిమ్ డేటా మీద మార్చుకోండి. ల్యాప్‌టాప్‌లో విండోస్ ఆ నెట్‌వర్క్‌ను ప్రైవేట్ అని గుర్తుపెట్టుకుని ఉంటే మీ షేర్ చేసిన ఫోల్డర్లు అందరికీ కనపడి ఉండే అవకాశం ఉంది. పబ్లిక్ అని మార్చండి. డబ్బు పోయినట్టు ఏదైనా తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పైన వాళ్ళ ఇంట్లో పని అయిపోయాక ఒక్కటి మిగులుతుంది. మెట్ల మీదికి వచ్చి మీ ఫోన్లో వైఫై జాబితా మళ్ళీ తెరవండి. రౌటర్ పేరు పక్కన తాళం గుర్తు వచ్చి ఉంటుంది. దాని కిందే, అదే పేరుకు ఈఎక్స్‌టీ అని తోక తగిలించుకుని, తాళం లేకుండా ఇంకొకటి కనపడిందంటే లోపలి గదిలో గోడకు గుచ్చిన ఎక్స్‌టెండర్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదన్నమాట. మళ్ళీ తలుపు తట్టండి.